మొలతాడు లేని ఏడు

మీరంతా పెద్ద చదువులు చదివి కంప్యూటర్ల ముందు కూర్చుని ఉద్యోగాలు చేసేవాళ్ళు. నాది ఏడో తరగతి. అయినా అమెరికాలో ఒక పెద్ద యూనివర్సిటీలో పదకొండేళ్ళు పనిచేశానంటే మా చుట్టాలు ఇప్పటికీ "వంటకా?" అని అడుగుతారు. వంటకి కాదు. పొట్లాలు కట్టడానికి.

నవ్వకండి. నిజమే చెబుతున్నాను.

మేం శాన్ రామన్ వచ్చిన కొత్తలో మా ఆయన ఒక ఇండియన్ స్టోర్‌లో మేనేజరు. నేను వెనక గదిలో పప్పులు ప్యాకెట్లలో నింపేదాన్ని. ఒక మధ్యాహ్నం పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళ దగ్గర మట్టి అంటిన ప్యాంటుతో ఒక తెల్లాయన వచ్చి మెంతులు కావాలన్నారు. ఎంత అంటే ఒక చెంచాడు. మా దగ్గర చిన్న ప్యాకెట్టే ఒక ఇంటికి ఏడాది వస్తుంది. పోనీలే పాపమని కౌంటర్ మీదున్న న్యూస్ పేపర్ ముక్క చింపి, మా నాన్న కొట్లో కట్టినట్టు పొట్లం కట్టి చేతిలో పెట్టాను. మా నాన్నది కిరాణా కొట్టు. దారం లేకుండా, జిగురు లేకుండా కట్టాలి, తలకిందులు చేసి ఊపినా గింజ రాలకూడదు. ఎనిమిదేళ్ళప్పటికే నాకు ఆ విద్య వచ్చు.

ఆయన పొట్లం విప్పారు. మళ్ళీ మడవబోయారు, రాలేదు. "ఇంకోసారి కట్టండి" అన్నారు. కట్టాను. మళ్ళీ విప్పారు. మూడోసారికి మా ఆయన నా వెనక చేరి, "ఏమే, వీడు హెల్త్ డిపార్ట్‌మెంట్ వాడల్లే ఉన్నాడు. న్యూస్ పేపర్లో కట్టావు, కొంప ముంచావు" అని తెలుగులో గొణిగాడు.

హెల్త్ డిపార్ట్‌మెంట్ కాదు. ఆయన ఫ్రాన్స్ దేశం నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు. పుట్టగొడుగుల శాస్త్రం ఆయనది. అడవుల్లో తిరిగి పుట్టగొడుగులు ఏరుకొచ్చి, మనం ఒడియాలు ఎండబెట్టినట్టు ఎండబెట్టి, కాగితం పొట్లాల్లో పెట్టి, పైన చీటీ అంటించి పెట్టెల్లో దాస్తారు. వందేళ్ళ తర్వాత ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. స్టూడెంట్లు కట్టిన పొట్లాల్లోంచి పొడంతా కారిపోతోందట. "మదామ్, నా దగ్గర పని చేస్తారా?" అని అడిగారు. మేడమ్ కాదు, మదామ్. ఉన్నన్నాళ్ళూ అలాగే పిలిచారు. నేను సార్ అనేదాన్ని.

మెంతులెందుకో తర్వాత తెలిసింది. నేను వెళ్ళడానికి చాలా ఏళ్ళ ముందు, సముద్రం వైపు కొండల్లో పోయే ఒక రోడ్డు పక్కన ఆయనకి ఒక పుట్టగొడుగు దొరికింది. వంకాయ పువ్వు రంగు. బొటనవేలంత. ఎండాక మెంతుల వాసన. ఏ పుస్తకంలోనూ లేదు. కానీ దొరికింది ఒకటే. ఒక్కదాన్ని చూసి కొత్త జాతి అని పేరు పెట్టడం ఆయన పద్ధతి కాదు. "ఒకటి చూస్తే అది నేను కన్న కల కావచ్చు మదామ్. రెండోది దొరికితే అప్పుడది పుట్టగొడుగు" అనేవారు. ఆ రెండోదాని కోసం బతికారంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. అప్పుడప్పుడూ ఆ పొట్లం తీసి, విప్పి, వాసన చూసి, మళ్ళీ నా చేతికిచ్చేవారు మడవమని. ఆ మొహం చూస్తే నాకు, పెళ్ళయి దూరం వెళ్ళిన ఆడపిల్ల ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుకునే తండ్రి గుర్తొచ్చేవాడు.

ఇక నా పని సంగతి. పొట్లం కట్టడంతో పాటు చీటీలు, పాత పొట్లాలవి కూడా, తిరగరాయడం నాదే. ఆయన అడవిలో, వానలో, మోకాలి మీద పెట్టుకుని చిత్తుకాగితం మీద రాస్తారు: ఎక్కడ, ఎప్పుడు, ఏ చెట్టు కింద. దాన్ని నేను గట్టి కాగితం మీద గుండ్రంగా రాయాలి. నా చేతిరాత బాగుంటుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

అయితే ఫ్రెంచివాళ్ళ అంకెలు మన అంకెల్లా ఉండవు. వాళ్ళ ఒకటికి ముందువైపు ఇంత పొడుగు టోపీ ఉంటుంది, అచ్చం మన ఏడులాగే. మరి ఏడు? ఏడుకి నడుం మీద అడ్డగీత. ఇది నాకు తెలిసేసరికి నేను చేరి ఆరు వారాలైంది. ఒకరోజు ఆయన రాసిచ్చిన ఫోన్ నంబరుకి చేస్తే ఎవరో పిజ్జా షాపువాళ్ళు ఎత్తారు. ఆయన పడీపడీ నవ్వి, కాగితం మీద రెండూ రాసి చూపించారు.

"చూడండి, ఇది ఒకటి. దీనికి బెల్టు లేదు. ఇది ఏడు, బెల్టు ఉంది."

"మా వైపు దాన్ని మొలతాడు అంటాం సార్."

ఆ మాట ఆయనకి భలే నచ్చింది. "మోలతాదు, మోలతాదు" అని రోజంతా అనుకుంటూ తిరిగారు. మొలతాడంటే ఏమిటో, ఎవరికి కడతారో చెప్పాక ఇంకా నవ్వారు.

నవ్వు అయ్యాక అడిగారు: "మరి ఈ ఆరు వారాల చీటీలు?"

"మళ్ళీ చూస్తాను సార్."

మొత్తం ఐదు పెట్టెలు. నాలుగు పెట్టెలు చూశాను, తప్పులు దిద్దాను. ఐదో పెట్టె దగ్గరికొచ్చేసరికి శుక్రవారం సాయంత్రం. ఇంటికి చుట్టాలొస్తున్నారు, బస్సు పోతుంది. ఆయన తలుపు దగ్గర నిలబడి "అయిపోయిందా మదామ్?" అన్నారు. నేను చేతిసంచి భుజాన వేసుకుంటూ "అయిపోయింది సార్" అన్నాను. సోమవారం వచ్చి చూద్దాంలే అనుకున్నాను. సోమవారం కొత్త పని వచ్చింది. అంతే. మీలో ఎవరైనా ఎప్పుడూ ఇలా అనలేదంటే నేను నమ్మను.

తర్వాత కొన్నేళ్ళకి ఆయన చదువు చెప్పడం తగ్గించుకుని, ప్రతి చలికాలం వానలు పడగానే ఆ రోడ్డుకి బయల్దేరడం మొదలుపెట్టారు. మోకాళ్ళు పాడయ్యాయి, డ్రైవ్ చేయలేరు. మా ఆయనకి సెలవున్న రోజు మా కార్లోనే వెళ్ళేవాళ్ళం. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళేదాన్ని. పులిహోరలో ఎండుమిరపకాయలు కూడా ఆయన నమిలి తినేవారు. మా ఆయన "ఈయన మన గుంటూరులో పుట్టాల్సినాయన, దారి తప్పి అక్కడ పుట్టాడు" అనేవాడు.

పొట్లం మీద చీటీలో ఇరవై ఏడో మైలు అని ఉంది. ఆ రోడ్డు పక్కన మైళ్ళ పలకలుంటాయి. ఇరవై ఏడో పలక దగ్గర ఒక మలుపు, చిన్న వంతెన, కింద వాగు. టాన్ ఓక్ అనే చెట్లు. ఆ చెట్ల వేళ్ళతో కలిసి బతికే రకం ఆయన పుట్టగొడుగు. చెట్టు ఉంటేనే అది. మేం ముగ్గురం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆకులు తొలగిస్తూ వెతికేవాళ్ళం. ఎన్నో దొరికేవి. పసుపువి, ఎర్రవి, దయ్యం వేళ్ళలాంటి నల్లవి. అది మాత్రం లేదు.

ఒక చలికాలం కాదు, ఆరు.

మూడోసారో నాలుగోసారో వెళ్తున్నప్పుడు దారిలో వేరే వంతెన దగ్గర ఆయన "కొంచెం స్లో చేయండి" అన్నారు. అద్దం దించి తల బయటికి పెట్టారు. "విచిత్రం. ఇక్కడే అనిపిస్తోంది. ఆ రాయి..." అన్నారు. పలక మీద ఇరవై ఒకటి అని ఉంది.

ఒడిలో ఉన్న పొట్లం చూసుకున్నారు. నావైపు చూశారు.

"ఇరవై ఏడని ఉంది కదా సార్, చీటీలో" అన్నాను నేను. అన్నది నేనే.

"అవును. నాకు వయసైపోతోంది. చీటీకి వయసు రాదు" అని అద్దం ఎత్తేశారు.

ఆ ఏడాది నోటుబుక్కు చూసుకోవచ్చు కదా అంటారేమో. దాన్ని ఆయన కారు టాపు మీద పెట్టి మర్చిపోయి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిపోయారట. శాస్త్రవేత్తలు అలాంటివాళ్ళే.

ఆయన ఇక ఫ్రాన్స్ వెళ్ళిపోవాలని నిర్ణయమైంది. అక్కడ ఒక చెల్లెలు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలని. మార్చికి ప్రయాణం. అంటే ఆ చలికాలమే ఆఖరు. ఆయన గది ఖాళీ చేసే పని నాకూ, కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసే ఒకావిడకీ అప్పజెప్పారు. ఆవిడది వరంగల్ వైపు. నన్ను అక్కా అనేది. మేం ఒకే కార్లో ఆఫీస్‌కి వెళ్ళేవాళ్ళం.

అల్మారా అడుగున బిస్కెట్ల డబ్బాలు బయటపడ్డాయి. మూత తీస్తే నిండా చిత్తుకాగితాలు. నేను తిరగరాశాక బుట్టలో పారేసిన చీటీలన్నీ! ఆయన ఒక్కొక్కటీ బుట్టలోంచి ఏరి దాచారు. నేను నవ్వుతూ తిరగేస్తున్నాను. ఒకదాని మీద వంకర గీతల్లో ఫ్రెంచి మాటలు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో ఆ రోడ్డు పేరు, దాని పక్కన రెండు అంకె, ఆ పక్కన టోపీ ఉన్న గీత.

మొలతాడు లేదు.

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. వెళ్ళి పొట్లం తెచ్చాను. దాని మీద నా గుండ్రటి అక్షరాల్లో ఇరవై ఏడు. పెట్టె నంబరు చూడక్కర్లేదు, అయినా చూశాను. ఐదో పెట్టె.

నా మొహం చూసి ఆవిడ లేచి వచ్చింది. అంతా చెప్పాను.

"గింతేనా అక్కా? కంప్యూటర్ల గా నంబరు నేను మార్చేస్త. ఒక్క క్లిక్కు. చీటీ నువ్వు కొత్తది రాయి. ఎవలికి ఎర్కైతది?"

"ఆయన ఆరేళ్ళు అక్కడ వెతికాడే."

"గందుకే చెప్పకు. ముసలాయన గుండె ఆగి సస్తడు. నువ్వే ఏదో జాగ మారుద్దాం సార్ అని చెప్పి ఇరవై ఒకటికి తోల్కపో. దొరికిందనుకో, పండుగ. దొరకలేదనుకో, ఎట్లొచ్చిండో అట్ల పోతడు."

తెలివైన మాటే. నాకూ అదే మంచిదనిపించింది. చీటీ చీరకొంగున ముడేసుకుని ఇంటికెళ్ళాను. అవును, ఆఫీస్‌కి చీరలోనే వెళ్ళేదాన్ని. మా ఆయనకి చెబితే, "చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నిద్ర పోతుంది" అన్నాడు. నాకు ఏడుపులో నవ్వొచ్చింది. మన తెలుగులో నిద్ర పోవడమంటే హాయిగా పడుకోవడం కదా. ఈయన అన్నది పడుకోకపోవడం. రెండో అర్థమే నిజమైంది.

ఎనిమిది రోజులు ఆ చీటీ కొంగున తిరిగింది. తొమ్మిదో రోజు టీ తాగే వేళకి ఆయన కప్పు పక్కన పెట్టాను. పక్కనే పొట్లం.

ఆయన చూశారు. కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు. "వాంతెయన్" అన్నారు. ఫ్రెంచిలో ఇరవై ఒకటి.

"తప్పు చదవడం నా చేతకానితనం సార్. అది కాదు నేను చెప్పాలనుకుంది. ఐదో పెట్టె నేను చూడలేదు. చూశానని చెప్పాను."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తిట్టినా బాగుండేది. మా నాన్నయితే తరాజుతో కొట్టేవాడు. చివరికి వీపు నావైపే ఉంచి మాట్లాడారు.

"మా నాన్నది మందుల కొట్టు, మదామ్. మా దేశంలో జనం అడవిలో పుట్టగొడుగులు కోసుకొచ్చి మందుల కొట్టులో చూపిస్తారు. ఇవి తినొచ్చు, ఇవి వద్దు అని ఆయన చెప్పాలి. ఒకరోజు కొట్టు నిండా జనం. బాగా తెలిసినావిడ బుట్ట తెచ్చింది. మా నాన్న పైవి చూసి బాగున్నాయన్నాడు. అడుగున చూడలేదు. ఆవిడ చావలేదు. చాలా నెలలు ఆసుపత్రిలో ఉంది."

బయటికి చూస్తూనే చెప్పారు.

"మర్నాడు మా నాన్న తలుపుకి బోర్డు పెట్టాడు, ఇక్కడ పుట్టగొడుగులు చూడబడవు అని. చనిపోయేదాకా ఇంకొక బుట్ట చూడలేదు. ఊరి జనం పక్క ఊరికి నడిచి వెళ్ళేవాళ్ళు. అప్పుడు నాకు పదేళ్ళు. తప్పు కంటే ఆ బోర్డు మీద నాకు ఎక్కువ కోపమొచ్చింది."

ఇటు తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఐదో పెట్టె తీసుకురండి. ఇద్దరం చూద్దాం."

చూశాం. ఇంకో మూడు తప్పులు దొరికాయి. ఆ మూడింటికీ ఆయన నన్ను తనివితీరా తిట్టారు, ఫ్రెంచిలో. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ శనివారం వెళ్ళాం. ముందురోజు మంచి వాన. ఇరవై ఒకటో పలక దగ్గర మా ఆయన కారు ఆపాడు. ప్రొఫెసర్ గారు చేతికర్రతో దిగి, వంతెన దాటి, ఒక పెద్ద రాయి మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఇదే" అన్నారు. చెయ్యి తీయలేదు.

కిందికి చూశాను. చెట్లు లేవు. మొద్దులు ఉన్నాయి, వరసగా. ఆ కొండల్లో టాన్ ఓక్ చెట్లకి తెగులొచ్చిందని అప్పటికే కొన్నేళ్ళుగా అంటున్నారు. బెరడు నల్లగా చీముకారి నిలువునా ఎండిపోతాయి. రోడ్డు మీద పడతాయని రోడ్లు చూసే కౌంటీవాళ్ళు కొట్టేశారు. ఆ తెగులు తెచ్చేది కూడా బూజులాంటిదే, పుట్టగొడుగుకి చుట్టంలా ఉంటుందట. మొద్దులు తడిమి చూస్తే పాతవే, కానీ మరీ పాతవి కావు. మేం మొదటి చలికాలం ఇరవై ఏడు దగ్గర పులిహోర తింటున్నప్పుడు ఇవి నిలబడే ఉండి ఉంటాయి. ఆ లెక్క నేను పైకి అనలేదు. ఆయనకి లెక్కలు రాకపోవు.

అయినా దిగారు. మోకాళ్ళ మీద కూర్చుని, మొద్దు మొద్దు దగ్గరా ఆకులు వేళ్ళతో విడదీశారు. మా ఆయన ఒక చంక, నేను ఒక చంక పట్టుకుని లేపి, పక్క మొద్దు దగ్గర కూర్చోబెట్టేవాళ్ళం. మళ్ళీ లేపేవాళ్ళం. సాయంత్రమైంది. చివరికి ఆయన చేతులు దులుపుకుని, "మదామ్, ఒక పొట్లం కట్టండి" అన్నారు.

"ఏం పెట్టమంటారు సార్?"

"ఏమీ వద్దు. చీటీ రాయండి."

ఆయన చెబుతుంటే నేను రాశాను. రోడ్డు పేరు. ఇరవై ఒకటో మైలు. తారీఖు. టాన్ ఓక్, కొట్టేసిన మొద్దులు. వెతికాం, లేదు. వెతికినవాళ్ళ పేర్ల దగ్గర ఆయన పేరు చెప్పారు, ఆగారు. "మీ పేరు రాయండి. మీ వారిది కూడా." ముందు నాది రాశాను. మా ఆయన తన పేరులో స్పెల్లింగు సరిగ్గా రాయమని రెండుసార్లు చెప్పాడు. ఆ ఖాళీ పొట్లం ఇవాళ్టికీ ఆ పెట్టెలో, మెంతుల వాసన పొట్లం పక్కనే ఉంది.

మార్చిలో ఆయన వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో నా రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టారు, వాళ్ళ పద్ధతి అది. మా ఆయన వారం రోజులు నన్ను ఏడిపించాడు. నేను ఇంకో ఏడాది చేసి మానేశాను. ఆ గదిలో ఇప్పుడెవరో మిషన్లు పెట్టుకున్నారు. పొట్లాలు కొనుక్కుంటున్నారట.

ఉద్యోగం మానేశాక చాలామందికి జీతం గుర్తొస్తుంది. నాకు ఆ ఎండబెట్టే అల్మారా తలుపు తీయగానే మొహానికి కొట్టే వెచ్చటి మన్ను వాసన గుర్తొస్తుంది. కూర పొయ్యి మీద పెట్టి అలా నిలబడిపోతాను. పక్క గదిలోంచి "మదామ్!" అని వినిపించినట్టే ఉంటుంది. మాడిన కూరలకి లెక్కలేదు.

మానేసిన చలికాలం, వాన పడగానే, నాకు కాలు నిలవలేదు. మా ఆయన్ని లేపి కారు తీయించాను. "జీతం లేదు, భత్యం లేదు, ఎవరు పంపారే నిన్ను?" అంటూనే డ్రైవ్ చేశాడు. ఇరవై ఒకటి దగ్గర దిగి చూద్దును కదా, కొట్టేసిన మొద్దుల మొదళ్ళ చుట్టూ చిగుళ్ళు. నడుమెత్తు లేచాయి. ఆకులు లేతగా, వెనకవైపు తెల్లటి నూగుతో. టాన్ ఓక్ అలాంటిదట, పైన చచ్చినా వేరు ఒక పట్టాన చావదట.

ఆ కొండల్లో ఫోను పలకదు. వంతెన మీద ఒకచోట మాత్రం సిగ్నల్ ఒక గీత వచ్చింది. ఇక్కడ ఉదయం, అక్కడ సాయంత్రం. ఆయన చెల్లెలు ఎత్తి, ఆయనకిచ్చింది. మేడ మీద ఇల్లు. మోకాళ్ళు ఇక లాభం లేదన్నారట, మెట్లు దిగి ఏడాదైంది.

"సార్, నేను ఇరవై ఒకటి దగ్గరున్నాను."



"వాన పడిందా?"

"పడింది సార్. నేలంతా మెత్తగా ఉంది. చిగుళ్ళొచ్చాయి."

"ఎన్ని మొద్దులకి?"

లెక్కపెట్టి చెప్పాను. ఆకుల కింద ఏముందని అడిగారు. వంతెన పక్కనే ఉన్న మొద్దు దగ్గర వంగి, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో ఆకులు తీస్తూ చెప్పాను. తెల్లటి దారాలు, సాలెగూడులా. ఒక వానపాము. గోధుమరంగువి రెండు గొడుగులు, మనకి తెలిసినవే. వాసన? మన్ను వాసన సార్, ఇంకేం లేదు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. దొరికిందా అని ఆయన అడగలేదు. లేదని నేనూ చెప్పలేదు. పైన రోడ్డు మీద మా ఆయన హారన్ కొట్టాడు. నేను లేవబోయాను.

"అప్పుడే వెళ్ళకండి మదామ్" అన్నారు. "ఇంకొంచెం కిందికి దిగండి. మెల్లగా. అక్కడేం కనిపిస్తోందో చెప్పండి."